దువ్వెనకి చిక్కినవి

నయీమా కాపురం ఒక హోర్డింగు వెనకాల. ఇది మాటవరసకి అన్నది కాదు. కైరో చుట్టూ తిరిగే రింగురోడ్డు వంతెన మీద కార్లలో పోయేవాళ్ళకి ఆ డాబా మీద ఎప్పుడూ ఎవరో ఒక అందగత్తె నవ్వుతూ కనిపిస్తుంది. సబ్బు పట్టుకునో, చాక్లెట్ కొరుకుతూనో, ఎడారిలో కడుతున్న కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కోమంటూనో. ఆ నవ్వు వెనక ఇనప కమ్మీలు. ఆ కమ్మీల వెనక రెండు గదులు, ఒక బాతుల గూడు, బట్టలారేసే తాడు, పుదీనా తొట్టి. అదీ నయీమా సంసారం. ఆమె మొగుడు ఫర్గలీ ఆ బిల్డింగుకి వాచ్‌మన్. హోర్డింగు మీద ఫ్లెక్సీ మార్చాల్సి వచ్చినప్పుడల్లా నడుముకి తాడు కట్టుకుని పైకెక్కేదీ అతనే. పాత ఫ్లెక్సీ విప్పే అలవాటు లేదు, అదొక దండగ పని. పాతదాని మీదే కొత్తది లాగి కట్టేస్తాడు. అలా ఎంతమంది ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు అణిగి ఉన్నారో అతనికే తెలీదు.

ముందునించి చూస్తే ఒక్కోసారి ఒక్కో మొహం. వెనకనించి చూస్తే ఎప్పుడూ అదే మాసిన తెల్ల గుడ్డ. రితాజ్ పుట్టిందీ పెరిగిందీ ఆ గుడ్డ నీడలోనే.

రితాజ్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పదమూడేళ్ళది. నోరు పెద్దది, ఆకలి పెద్దది, కోపం ముక్కు మీద ఉంటుంది. కనుబొమ్మ పైన చిన్నప్పుడు మెట్ల మీద పడ్డ దెబ్బ మచ్చ, ముక్కు మీద మొటిమ. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. జుట్టు తండ్రి పోలిక. చుట్టలు చుట్టలుగా, పొట్టిగా, దువ్వెన లోపలికి పోతే బయటికి రానంటుంది. బళ్ళో ఆడపిల్లలు ఆ పిల్లకి ‘గిన్నెలు తోమే పీచు’ అని పేరు పెట్టారు. తోటివాళ్ళు చాలామంది అప్పటికే తలమీద ముసుగు వేసుకుంటున్నారు. రితాజ్ మాత్రం ససేమిరా అంది.

"ఇప్పుడు కప్పుకుంటే, పీచు దాచుకుందంటారు. ముందు జుట్టు బాగవ్వాలి. అప్పుడు కప్పుకుంటా" అనేది.

"కప్పుకునేదానికి బాగుంటే ఏంటే, లేకపోతే ఏంటే?" అని నయీమా నవ్వేది.

"నీకేం? నీకుంది కాబట్టి కబుర్లు చెబుతావ్."

ఆ మాట నిజమే. నయీమా జుట్టు చూసినవాళ్ళు ఆ వాడలో వేళ్ళ మీద లెక్కపెట్టే ఆడవాళ్ళే గానీ, చూసినవాళ్ళు మర్చిపోలేదు. నల్లగా, సాఫుగా, నడుము కిందకి దిగేది. ఎడమ చెవి వెనక మాత్రం ఒక తెల్లపాయ, పుట్టుకతో వచ్చింది. తలంటుకున్న రోజు హోర్డింగు చాటున కూచుని ఆరబెట్టుకునేది. అవతల రోడ్డు మీద లోకమంతా పోతున్నా ఆ గుడ్డ అడ్డం ఉండేది కదా, అదే ఆమెకి గోడ, అదే ఆమెకి ధైర్యం.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. ఆ వాడలో ఏ ఆడదీ దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు బయట పారెయ్యదు. ఎవడి చేతికైనా చిక్కితే చేతబడి చేస్తాడని భయం. ఉండ చుట్టి మట్టిలో పూడుస్తారు, లేదా నైలు నదిలో వదుల్తారు. నయీమా అయితే ఒక్క వెంట్రుక నేలమీద కనిపించినా వంగి తీసి, పుదీనా తొట్టిలో వేలితో గొయ్యి చేసి పెట్టేది. అంత జాగ్రత్త మనిషి. అలాంటి మనిషే బోల్తా పడింది.

ఒక మధ్యాహ్నం హోర్డింగు ఇనుము గట్టిగా ఉందో లేదో చూడ్డానికి ప్రకటనల కంపెనీనించి మేడమ్ షాహీనాజ్ వచ్చింది. చెప్పా పెట్టకుండా డాబా ఎక్కేసింది. నయీమా జుట్టు విరబోసుకుని కూచుని ఉంది. గబుక్కున ముసుగు లాక్కునేలోపే ఆవిడ చూసేసింది.

"అమ్మ తల్లీ! ఈ జుట్టు ఇక్కడ బాతుల మధ్య పెట్టుకుని, మేం బీరూట్‌నించి విగ్గులు తెప్పించుకుంటున్నామా!"

షాంపూ ప్రకటన ఒకటి చేస్తున్నారట. మొహం దొరికింది. జుట్టు దొరకలేదు.

"పరాయి మగాళ్ళ కళ్ళ పడకూడదు మేడమ్. మా ఆయనకి తెలిస్తే చంపేస్తాడు" అంది నయీమా.

"నీ మొహం ఎవరు చూస్తారమ్మా? మొహం ఒకామెది. చేతులు ఇంకొకామెవి. మెడ మరొకామెది. నీది జుట్టు ఒక్కటే. ఆ బొమ్మలో ఉన్న మనిషంటూ ఎక్కడా లేదు. అందరూ కొంచెం కొంచెం ఉంటారు, అంతే. ఫోటో తీసేదీ ఆడవాళ్ళే."

నయీమా రాత్రంతా ఆలోచించింది. మొహం లేని జుట్టు ఎవరిది? ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని ఎవరు చూస్తే ఏం పాపం? పైగా వాళ్ళిచ్చేదానితో రితాజ్‌కి పార్లర్‌లో జుట్టు సాఫు చేయించొచ్చు. పిల్ల ఆ వారం బడికి పోనని మంచం దిగలేదు. క్లాసు ఫోటోలో వెనక వరసలో నిలబెట్టి, తల కిందకి దించుకోమన్నారట.

స్టూడియోలో నిజంగానే అందరూ ఆడవాళ్ళే. ఫ్యాను పెట్టి జుట్టు ఎగరేశారు. బ్రష్షుతో దువ్వారు. పని అయ్యాక నయీమా నేలమీద మోకాళ్ళూని, బ్రష్షులో చిక్కినవీ గచ్చు మీద పడ్డవీ ఒక్కొక్కటే ఏరి రుమాల్లో మూటకట్టుకుంది. అక్కడి పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఒక్కటి కూడా వదలవా?" అంది మేడమ్.

"వదలకూడదు మేడమ్" అంది నయీమా. అంతలో కంప్యూటరు దగ్గర పిల్ల తెరమీద తెల్లపాయని చూపించి, "ఇది తీసేస్తున్నా" అంది. తీసేసింది. నయీమాకి చెవి వెనక చురుక్కుమంది. చెయ్యి పెట్టి చూసుకుంది. పాయ ఉంది. అమ్మయ్య అనుకుని, రుమాలు రొమ్ములో దోపుకుని, బస్సెక్కి ఇంటికొచ్చింది. రాలినవి తెచ్చుకుంది. అసలుదంతా అక్కడే వదిలేసి వచ్చానన్న సంగతి ఆమెకి తట్టలేదు.

కొన్నాళ్ళకి ఆ ఫ్లెక్సీ వచ్చింది. ఎక్కడికో కాదు. వాళ్ళ డాబా మీదకే. ఫర్గలీయే నడుముకి తాడు కట్టుకుని కట్టాడు. సాయంత్రం పెళ్ళాన్నీ కూతుర్నీ వంతెన కింద టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి, తలెత్తి చూడమన్నాడు.

ఎవరిదో గుండ్రటి మొహం. తెల్లటి పొడుగు మెడ. సీసా పట్టుకున్న నాజూకు చేతులు. చుట్టూ, కిందకీ, గాలిలోకీ... నయీమా జుట్టు.

"చూశావా, జుట్టంటే అదీ! మాషాఅల్లా!" అన్నాడు ఫర్గలీ. "ఇన్నేళ్ళూ నీ పక్కన పడుకుని పడుకుని, ఆడదాని జుట్టు ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను."

నయీమాకి గుండెలో ముల్లు దిగినట్టయింది. ఇన్నేళ్ళు ఆ జుట్టులో మొహం పెట్టుకుని నిద్రపోయినవాడు! ఒక్కసారి కూడా కళ్ళు పెట్టి చూడలేదన్నమాట.

రితాజ్ నోరు తెరుచుకుని చూస్తోంది. పార్లర్‌లో సాఫు చేయించినదంతా చెమటకి మళ్ళీ చుట్టలు చుట్టేసింది. ఒక చేత్తో ఆ చుట్టలు లాక్కుంటూ, "అమ్మా, అలాంటిది నిజంగా ఎవరికైనా ఉంటుందా? ఆ జుట్టు ఎవరిదమ్మా?" అంది.

ఫర్గలీ కూడా నయీమా వైపు చూశాడు. ఊరికే చూశాడు. ఆమెకి మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది.

"ఆవిడదే. ఇంకెవరిది? ఆ జుట్టు ఆవిడదే" అంది.

పైన ఫ్లెక్సీ ఒక్కసారి లోపలికి పీల్చుకుని బయటికి ఉబ్బింది. గాలి అనుకుంది నయీమా. టీకొట్టు ముందు వేలాడుతున్న కాగితప్పూలు మాత్రం కదల్లేదు.

మర్నాడు పొద్దున దువ్వెన నిండా వెంట్రుకలు. ఆ మర్నాడు పిడికెడు. ఆ తరవాత చెయ్యి వేస్తే చాలు, పాయలు పాయలుగా ఊడి చేతిలోకి వచ్చేసేవి. పుదీనా తొట్టి చాల్లేదు. ఆస్పత్రిలో రక్తం తక్కువన్నారు, మాత్రలిచ్చారు. ఏమీ లాభం లేకపోయింది. చెవి వెనక తెల్లపాయ ఒక్కటే అలాగే నిలబడింది. మిగతా తలంతా కోడిపిల్ల మెడలా అయిపోయింది. ఇంట్లో కూడా ముసుగు తియ్యడం మానేసింది. ఫర్గలీ ఎందుకని అడగలేదు.

బోర్డు మీద జుట్టు మొదట్లో నడుము దాకానే ఉండేది. ఇప్పుడు సీసా పట్టుకున్న చేతుల్ని దాటి, ఫ్లెక్సీ అంచు దాకా వచ్చింది. నయీమా మొగుడికి చూపించింది.

"ఎండకి ఫ్లెక్సీ సాగుతుందే, పిచ్చిదానా" అన్నాడు.

అంతకన్నా భయం రితాజ్‌ని చూస్తే. బడినించి వచ్చి సంచీ విసిరేసి, తిన్నగా హోర్డింగు వెనక్కి పోయి, ఆ తెల్ల గుడ్డకి చెవి ఆనించి కూచునేది. గుసగుసలాడేది. తనలో తనే నవ్వుకునేది.

"ఎవరితోనే మాటలు?"

"ఆవిడతో."

"ఏమంటుంది?"

"నీకు ఏది నచ్చదు అని అడుగుతుంది. నచ్చనివన్నీ నాకిచ్చెయ్ అంటుంది." రితాజ్ గోరు కొరుక్కుంటూ చెప్పింది. "జుట్టు అన్నాను. మచ్చ అన్నాను. ఇంకా అంది. ఇంకా ఇంకా అంటూనే ఉంటుందమ్మా. నాకు నచ్చనివి ఇన్ని ఉన్నాయని నాకే తెలీదు."

నయీమా ఆ పిల్ల చెంప పగలగొట్టింది. ఆ వెంటనే గట్టిగా పట్టుకుని ఏడ్చింది. తరవాత రెండో అంతస్తులో ఉండే ముసలావిడ ఉమ్ షెహాతా దగ్గరికి దిగి, మొదటినించి చివరిదాకా కక్కేసింది. ఉమ్ షెహాతా ములూఖియా ఆకు తరుగుతూ విని, కత్తి పక్కన పెట్టింది.

"ఆవిడదే అని నీ నోటితో ఇచ్చావు కాబట్టి నీ నోటితోనే వెనక్కి అడగాలి అమ్మాయ్. ఎవరి ముందు ఇచ్చావో వాళ్ళ ముందే. నాది అని గట్టిగా అను. ఆలస్యం చేశావంటే పిల్ల దక్కదు."

"ఆయన నన్ను బతకనిస్తాడా పిన్నీ?"

"అది నీ ఇష్టం. మొగుడా, పిల్లా?"

శుక్రవారం నమాజు నించి వచ్చాక ఫర్గలీ కాస్త మెత్తగా ఉంటాడు. అప్పుడు చెబుదామనుకుంది నయీమా. ఈలోపే గురువారం ఖమ్సీన్ గాలి లేచింది.

ఎడారిలోనించి ఏటా వచ్చే దుమ్ముగాలే. పొద్దున ఆకాశం పసుపు. మధ్యాహ్నానికి నారింజ. రితాజ్ బడి మూసేశారని ఇంటికొచ్చి పడుకుంది. ఫర్గలీ ఊళ్ళో ఎక్కడో ఊగిపోతున్న హోర్డింగు బిగించడానికి పోయాడు. నయీమా రొట్టెలకని కిందకి దిగి లైన్లో నిలబడింది. రొట్టెలు చేతికొచ్చేసరికి వీధిలో పక్క మనిషి కనిపించడం లేదు. పట్టపగలు చీకటి పడిపోయింది. కార్లు లైట్లు వేసుకుని నత్తల్లా పాకుతున్నాయి. నోట్లో మట్టి. పళ్ళ మధ్య కరకర.

మెట్ల దారిలో కరెంటు పోయింది. ఒక్కో అంతస్తూ ఎక్కుతుంటే పైనించి చప్పుడు. ధన్... ధన్... ఫ్లెక్సీ గాలికి కమ్మీలకేసి కొట్టుకుంటోంది. రోజూ విన్న చప్పుడే. నాలుగో అంతస్తు దాటాక ఒక వాసన తగిలింది. జుట్టు కాలుతున్న వాసన. రితాజ్ మళ్ళీ ఇస్త్రీపెట్టె తలకి పెట్టుకుందా? కానీ కరెంటు లేదు కదా... ఇంకో అంతస్తు ఎక్కేసరికి ఆ కమురు పోయింది. దాని చోట తియ్యటి వాసన. పచ్చి ఆపిల్ వాసన. ఆ షాంపూ వాసన.

డాబా మీద ఏమీ కనపడలేదు. బాతులు గూట్లో ఒక మూలకి ఒదిగి, ఒక్కటీ అరవడం లేదు. గది తలుపు తెరిచే ఉంది.

రితాజ్ అద్దం ముందు కూచుని ఉంది. వీపు ఇటు. దువ్వుకుంటోంది. మెల్లగా... పైనించి కిందకి... దువ్వెన ఎక్కడా ఆగడం లేదు. జుట్టు మంచం మీద పడి, మంచం దాటి, నేలమీద పరుచుకుంది. నల్లగా. సాఫుగా.

నయీమా తన జుట్టుని గుర్తుపట్టింది. ఇన్నేళ్ళు తల మీద మోసిన జుట్టు తెలియదా ఎవరికైనా? చెవి వెనకకి చూసింది. అక్కడ తెల్లపాయ లేదు.

చేతిలో రొట్టెలు జారిపోయాయి.

"అమ్మా, వచ్చారా?" అని ఆ పిల్ల ఇటు తిరిగింది. "చూడండి, ఎంత మెత్తగా ఉందో."

రితాజే. అవే కళ్ళు, అదే నోరు. కనుబొమ్మ మీద మచ్చ లేదు. ముక్కు మీద మొటిమ లేదు. చర్మంలో ఒక్క గీత, ఒక్క రంధ్రం లేదు. పుట్టి బుద్ధెరిగాక రితాజ్ తల్లిని ‘మీరు’ అన్నది లేదు. ఈ పిల్ల నవ్వుతోంది... నవ్వుతూనే ఉంది. గది నిండా దుమ్ము తిరుగుతోంది. ఆ కళ్ళు ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

"రితాజ్... రితాజ్ ఏదీ?" అంది నయీమా.

"నేనే కదమ్మా."

అప్పుడు బయటనించి వినపడింది. గాలిలో. కమ్మీల అవతలనించి.

"అమ్మా..."

నయీమా పరిగెత్తింది. హోర్డింగు వెనక తెల్ల గుడ్డ ఉబ్బుతోంది, పీల్చుకుంటోంది. ఉబ్బుతోంది... పీల్చుకుంటోంది... ఎవరో లోపలనించి ఊపిరాడక కొట్టుకుంటున్నట్టు. కింద, కుట్టు దగ్గర, ఒక చిన్న చిరుగు. అందులోంచి ఒక వేలు బయటికి వచ్చింది. కొరికిన గోరు. ఎర్రటి చివర.

ఆ వేలిని రెండు చేతుల్తో పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"అమ్మా, ఇక్కడ చాలామంది ఉన్నారే..." గుడ్డకి నోరు ఆనించి చెబుతున్నట్టు ఉంది గొంతు. "అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు... నన్ను తియ్యవే... నేనేం అడగను. జుట్టు అడగను. ఏమీ అడగను. తియ్యవే అమ్మా..."

"పట్టుకో తల్లీ, వదలకు! వదలకు!"

భుజం మీద ఒక చెయ్యి పడింది. నాజూకు చెయ్యి. బొమ్మలో సీసా పట్టుకున్న చెయ్యి.

"లోపలికి రండమ్మా. దుమ్ములో మీ ఆరోగ్యం పాడవుతుంది."

"ఛీ, పో!" అని నయీమా కేక పెట్టింది. ఆ కేకలో ఆమె పట్టు కొంచెం సడలింది. ఒక్క క్షణమే. వేలు లోపలికి పోయింది. ఎవరో లాగినట్టు పోయింది.

కూర కత్తి తెచ్చి గుడ్డని కోసింది. మొదటి పొర కింద ఇంకో పొర. సబ్బు పట్టుకున్న మొహం, రోడ్డు వైపు కాకుండా ఇటు తిరిగి ఉంది. అదీ కోసింది. కింద చాక్లెట్ కొరుకుతున్న మొహం. కోసింది. ఇంకో మొహం... ఇంకో మొహం... అందరూ నవ్వుతున్నారు. చివరికి కత్తి అవతలికి దిగింది. కన్నంలో చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. ఇనప కమ్మీ. నారింజ రంగు ఆకాశం. కింద కార్ల హారన్లు.

గాలి తగ్గాక ఫర్గలీ వచ్చేసరికి, పెళ్ళాం కత్తి పట్టుకుని కంపెనీ ఫ్లెక్సీ ముక్కలు చేస్తూ కనిపించింది. జబ్బ పట్టుకుని ఈడ్చాడు.

"నీకు మతిపోయిందా? మన కడుపు మీద కొడతావా?"

"నాది! ఆ జుట్టు నాది! నేనే ఇచ్చాను!" నయీమా గొంతు చించుకుంది. మెట్లెక్కి వచ్చిన అద్దెవాళ్ళందరి ముందూ అంది. ఉమ్ షెహాతా చెప్పినట్టే అంది. మళ్ళీ మళ్ళీ అంది. "అది నాది! తిరిగిచ్చెయ్! నా పిల్లని తిరిగిచ్చెయ్!"

ముసుగు జారిపోయింది. బోడి తల బయటపడింది. చెవి వెనక ఒక్క తెల్లపాయ.

ఎవరో ఒక కుర్రది కిసుక్కుమంది. ఫర్గలీ మొహం తిప్పుకున్నాడు.

"ఆ జుట్టు నీదా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అన్నాడు.

రుమాలు గుర్తొచ్చింది. స్టూడియోలో ఏరి తెచ్చిన మూట. అది సాక్ష్యం. పెట్టె అడుగునించి తీసి, అందరి ముందూ విప్పింది. నల్లవి ఒక్కటీ లేవు. తెల్లవి, అవి మాత్రం ఉన్నాయి. బొమ్మ వద్దనుకున్నవి.

అప్పుడు గదిలోంచి ఆ పిల్ల తల దించుకుని బయటికి వచ్చింది. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. "సుభానల్లా!" అన్నారు. "పార్లర్‌లో చేయించావా? పిల్ల ఎంత బాగుంది ఫర్గలీ!" అన్నారు. ఫర్గలీ కూతుర్ని చూసి, సంతోషం పట్టలేక, ఆ జుట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. నయీమా జుట్టుని అతను అలా నిమరడం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఆ రాత్రి నయీమా ఉమ్ షెహాతా కాళ్ళ మీద పడింది.

"పిన్నీ, నీకు తెలుసు. నీకు చెప్పాను. నువ్వైనా చెప్పు వాళ్ళకి."

ముసలావిడ ఆమెని లేవదీసి పక్కన కూచోబెట్టుకుంది.

"నువ్వు చెప్పింది నిజమే అనుకో అమ్మాయ్. ఇప్పుడు నీకేం నష్టం? నోరేసుకుని పడే పిల్ల పోయింది. బంగారు బొమ్మ వచ్చింది. అణకువ, మర్యాద, అందం. మొన్నటిదాకా ఆ పిల్ల రోజూ ఏడ్చేది, ఇప్పుడు ఏడవదు. ఆ పాతదే కావాలని ఎవరైనా పట్టుబడతారా?" అని, గొంతు తగ్గించి, "మా అబ్బాయి షెహాతా కొడుక్కి అడుగుదామనుకుంటున్నా, ఇంకో నాలుగేళ్ళు పోయాక" అంది.

ఇప్పుడు అందరికీ ఆ పిల్లంటే ప్రాణం. బళ్ళో ముందు వరసలో నిలబెడుతున్నారు. ఇంత ఎండలో ఆ మొహానికి చెమట పట్టదు. పెట్టింది తింటుంది, అడిగింది చేస్తుంది, ఎదురు మాట లేదు. "మా అమ్మాయి మారిపోయింది" అని ఫర్గలీ టీకొట్టు దగ్గర చెప్పుకుంటాడు. పెళ్ళానికి గాలి సోకిందని కూడా చెప్పుకుంటాడు. కంపెనీవాళ్ళు కోపం పడి, తరవాత సర్దుకుని, చిరిగిన ఫ్లెక్సీ మీద కొత్తది పంపించారు. ఫర్గలీ ఎక్కి కట్టాడు. లోపలనించి పిల్ల గొంతు అతనికేమీ వినపడలేదట.

నయీమాకి కూడా ఇప్పుడు గొంతు వినపడదు. చెవి ఆనించి ఎంతసేపు కూచున్నా, దూరంగా ఎవరో నిద్రలో దొర్లుతున్న చప్పుడులాంటిది, అంతే. అయినా ఆమె ఒక పని మానలేదు. రితాజ్ పాత దువ్వెన, పళ్ళు సగం విరిగినది, రోజూ సాయంత్రం కుట్టు దగ్గర చిరుగులోంచి లోపలికి తోస్తుంది. పొద్దున ఆజాన్ వేళకి అది బయట పడి ఉంటుంది. దాని నిండా చుట్టలు చుట్టుకున్న పొట్టి నల్ల వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. అంటే పిల్ల ఉంది. తల దువ్వుకుంటోంది. నయీమా వాటిని ఒక్కొక్కటే విడదీసి, వాసన చూసి, రుమాల్లో పెట్టుకుంటుంది. ఆ మూటే ఆమెకిప్పుడు కూతురు.

ఈ మధ్య దువ్వెనలో ఒక తెల్ల వెంట్రుక కనపడింది. తనదేమో అనుకుంది. కాదు. తనవి సాఫుగా ఉంటాయి. ఇది చుట్ట చుట్టుకుని ఉంది.

మర్నాడు ఇంకొన్ని. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ.

ఇవాళ పొద్దున దువ్వెన నిండా తెల్లవే. నల్లది వెతికితే ఒక్కటీ దొరకలేదు. నయీమా గుడ్డకి నుదురు ఆనించి, "తల్లీ... ఎన్నేళ్ళయిందే నీకు అక్కడ?" అని అడిగింది. అవతల ఎవరో ముసలిదగ్గు దగ్గారు.

గదిలో ఆ పిల్ల నవ్వుతూ పుట్టినరోజు గౌను కొలతలిస్తోంది. రితాజ్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదు.